పళ్ళు లేని గేరు

మాణిక్యం ఆ గేరు డబ్బాకి తీగ చుట్టడానికి ఒప్పుకున్నది ఒకే ఒక్క కోరికతో. యశోధర్ చావాలి. ఎలా పడితే అలా కాదు. తన మొగుడు పోయిన కొండమీదే, తన మొగుడు పోయినట్టే, ఆగని బండిలో కూర్చుని, లోయ దగ్గరికొస్తుంటే కళ్ళారా చూస్తూ చావాలి. ఆ పక్క సీట్లో తను కూడా ఉంటే ఉంటుంది, దానికేం! నలభై ఒక్కేళ్ళు బతికింది, చాల్లే అనుకుంది.

'చలనిక' కంపెనీ ప్రయోగశాల నడివేసవిలో కూడా చలి పుట్టించేంత చల్లగా ఉంది. తెల్లటి బల్ల మీద రోలంత ఇనప కట్టు ఒకటి పెట్టారు. దాని చుట్టూరా ముప్ఫై ఆరు ఇనప దిమ్మెలు, ఒక్కోటి బొటనవేలంత. ఒక్కో దిమ్మెకీ రాగి తీగ ఎనభై నాలుగు చుట్లు చుట్టాలి. మాణిక్యం కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుని, ఎడం చేత్తో తీగ బిగపట్టి, కుడి చేత్తో చుడుతూ పోతోంది. పెదాలు కదులుతున్నాయి గానీ లెక్క పైకి వినపడడం లేదు. నెత్తి మీద మూడు కెమెరాలు ఆమె వేళ్ళనే చూస్తున్నాయి.

"అమ్మా, కాస్త నెమ్మదిగా చుట్టరా? మీ వేళ్ళు కెమెరాకి అందట్లేదు," అంది పక్కన నిలబడ్డ ఇంజనీరమ్మాయి.

"నెమ్మదిగా చుడితే వదులొస్తదమ్మా. నువ్వే కళ్ళు పెద్దవి చేసుకో."

ఆ అమ్మాయి నవ్వింది. "మా మెషీను కూడా ఎనభై నాలుగే వేస్తుందమ్మా. అదే తీగ, అదే ఇనుము. అయినా మెషీను చుట్టిన డబ్బాలన్నీ వణుకుతాయి. అప్పట్లో మీరు చుట్టిన మొదటి డబ్బా మాత్రం ఈ రోజుకీ వణకదు. రెండేళ్ళ నుంచీ బుర్రలు బద్దలు కొట్టుకుంటున్నాం. ఏముందమ్మా మీ చేతిలో?"

"ఏముంటదీ? చెయ్యి తిరగాలంతే," అంది మాణిక్యం తలెత్తకుండా.

అబద్ధం. చేతిలో ఏమీ లేదు. ఉన్నదంతా తీగ కింద ఉండాల్సిన దాంట్లో ఉంది. ఆ ముప్ఫై ఆరు దిమ్మెల్లో ఒక్కదానికి కూడా మాణిక్యం ఆ రోజు దాన్ని వెయ్యలేదు. ఇరవై ఏళ్ళ అలవాటు కదా, వెయ్యకుండా చుట్టడానికి చేతులు ఒకటి రెండు సార్లు మొరాయించాయి కూడా. పళ్ళు బిగపట్టి తర్వాతి దిమ్మెకి పోయింది.

అసలీ డబ్బా పుట్టింది ఇలాంటి చల్లటి గదుల్లో కాదు, విజయవాడ ఆటోనగర్లో. ఒకే రేకుల కప్పు కింద ఇటు గేర్‌బాక్సుల షెడ్డు, అటు మోటారు వైండింగు షాపు. ఇటు భద్రాచారి, అటు అతని భార్య మాణిక్యం. మధ్యలో కుర్చీ వేసుకుని ఇద్దరి మీదా అజమాయిషీ చేస్తూ భద్రాచారి తల్లి వీరరాఘవమ్మ. వైండింగు షాపు ఆవిడ మొగుడు పెట్టింది. మాణిక్యం కాపరానికొచ్చిన నెలకే కోడలి చేతిలో తీగచుట్ట పెట్టి పని నేర్పింది ఆవిడే.

భద్రాచారి ఇరవై రెండేళ్ళు లారీ గేర్‌బాక్సులు విప్పాడు. విప్పినప్పుడల్లా అవే విరిగిన పళ్ళు, అదే నల్లటి ఆయిలు. "ఇనుముతో ఇనుముని కొరికించడమేంటే, అరిగిపోక ఏం చేస్తది!" అని విసుక్కునేవాడు. ఒక మధ్యాహ్నం అన్నం తినడం కూడా మానేసి, పాత స్పీకర్లలోంచి ఊడబీకిన అయస్కాంతాలు రెండు చెక్క చక్రాలకి అతికించి తెచ్చాడు. రెండు చక్రాల మధ్యా వేలెడు సందు. ఒకదాన్ని తిప్పితే రెండోది దానంతటదే తిరిగింది.

"చూడవే మాణిక్యం! పళ్ళు లేని గేరు!"

"పళ్ళూడినదాన్ని ఇంట్లో నేనొకదాన్ని ఉన్నాగా, ఇంకోటెందుకురా?" అంది వీరరాఘవమ్మ. ఆ పూటంతా ముగ్గురికీ అదే నవ్వు.

దాన్ని బండికి ఎక్కించడానికి మూడేళ్ళు పట్టింది. బయట ఒక డ్రమ్ము, లోపల ఒక డ్రమ్ము, రెండింటికీ అయస్కాంతాలు. బయటిది మోటారుకి, లోపలిది చక్రాలకి. మధ్యలో మాణిక్యం చుట్టిన రాగి చుట్ల కట్టు. ఏ చుట్లకి కరెంటు ఇస్తున్నామన్న దాన్ని బట్టి, బయటి డ్రమ్ము పదిసార్లు తిరిగితే లోపలిది రెండుసార్లయినా తిరుగుతుంది, ఐదుసార్లయినా తిరుగుతుంది. ఏదీ దేన్నీ తాకదు. కరెంటుని ఎదురు తిప్పితే లోపలి డ్రమ్ముని గాల్లోనే పట్టి ఆపేస్తుంది. అంటే గేరూ అదే, క్లచ్చూ అదే, బ్రేకూ అదే. ఒక ముసలి జీపులో పెట్టి ఆటోనగర్ సందుల్లో తిప్పితే, చప్పుడు లేకుండా వచ్చే జీపుని చూసి కుక్కలు కూడా మొరగడం మర్చిపోయాయి.

ఆ షాపులో ఒక ఆచారం ఉంది. మోటారు ఎవరిదైనా సరే, తీగ చుట్టేముందు ప్రతి దిమ్మె మొదట్లో లావుపాటి రాగి తీగ ఒకటి తొడిగి, రెండు కొసలూ కలిపి మెలేసి టంకం పెడతారు. దాన్ని కరెంటుకి కలపరు, దేనికీ కలపరు. అది అమ్మవారి కడియం. దుర్గమ్మకి కడియం తొడిగాకే కస్టమరుకి చుట్లు. ఎందుకని అడిగితే వీరరాఘవమ్మ కళ్ళెర్రజేసేది. "మీ షాపు మోటారు కరెంటు కాస్త ఎక్కువ తాగుద్ది గానీ ఒణుకు మాత్రం ఉండదమ్మా," అనేవాళ్ళు కస్టమర్లు. ఆ వణుకు లేకపోవడానికీ ఈ కడియానికీ సంబంధం ఉంటుందని ఎవరికీ తట్టలేదు.

యశోధర్ పెద్ద చదువులు చదివినవాడు, 'చలనిక' అనే కార్ల కంపెనీ పెట్టినవాడు. ఎవరో చెబితే జీపు చూడ్డానికి వచ్చాడు. ఒక రౌండు కొట్టొచ్చి దిగి, భద్రాచారి నల్లటి చేతులు రెండూ పట్టుకున్నాడు. "ఆచారి గారూ, దీన్ని ప్రపంచం చూడాలి," అన్నాడు. భద్రాచారి పొంగిపోయాడు. డబ్బా ఆ కంపెనీకి వెళ్ళింది, దాని వెనకే భద్రాచారీ వెళ్ళాడు. పేటెంటు హక్కుల కాగితం వచ్చేసరికి దాంట్లో ఒక్క యశోధర్ పేరే ఉంది. మాణిక్యం ఆ కాగితాన్ని విసిరికొట్టింది. భద్రాచారి మాత్రం, "కాగితం మీద ఎవడి పేరుంటే ఏంటే, తిరుగుతోంది కదా!" అన్నాడు. అలాంటి మనిషి.

రెండో డబ్బా మెషీన్ల మీద చెయ్యాలని కంపెనీ వాళ్ళు అతన్ని కూర్చోబెట్టి వారం రోజులు అన్నీ రాసుకున్నారు. ఇనుమెంత, అయస్కాంతాలెన్ని, తీగ మందమెంత, చుట్లెన్ని. భద్రాచారి పూసగుచ్చినట్టు చెప్పాడు. కడియం సంగతి ఒక్కటి చెప్పలేదు. దాచిపెట్టలేదు, మర్చిపోనూ లేదు. అది డబ్బాలో భాగమని అతను ఏనాడూ అనుకోలేదు. అమ్మవారికిచ్చింది అమ్మవారిది, దాన్ని మిషను లెక్కలో ఎందుకు చెబుతాడు?

ఆ ఏడాది కార్తీకంలో భద్రాచారి భవానీ దీక్ష తీసుకున్నాడు. ఎర్ర బట్టలు, చెప్పుల్లేని కాళ్ళు, చన్నీళ్ళ స్నానం, నేల మీద పడక. ఆ బట్టల్లోనే మెషీను చుట్టిన డబ్బా పెట్టిన బండితో మారేడుమిల్లి ఘాట్ రోడ్డుకి పంపారు. పొద్దున్నే ఫోన్ చేశాడు.

"డబ్బా ఒణుకుతోందే. ఎక్కేటప్పుడు బానే ఉంది. దిగేటప్పుడు బరువు వెనకనించి తోస్తది కదా, అప్పుడు పట్టు జారుద్దేమోనని సారుకి చెప్పా. ఎల్లుండి పెద్దవాళ్ళొస్తున్నారంట, ఇవాళే దించి చూపించమంటన్నాడు."

"నువ్వు దించమాకయ్యా. వాణ్ణే దించుకోమను."

"నేను చేసిందాన్ని నేనే నమ్మకపోతే ఎట్టాగే? నెమ్మదిగా దించుతాలే."

నాలుగో మలుపులో బండి లోయలోకి పోయింది. బ్యాటరీలు అంటుకుని బండీ మనిషీ కలిసి కాలిపోయారు. పరీక్ష చెయ్యడానికి డాక్టర్లకి ఏమీ మిగల్లేదు. అంత మంటలోనూ సారా సీసా మాత్రం పక్క రాళ్ళలో చెక్కుచెదరకుండా దొరికిందట! తాగి బండి నడిపాడని కంపెనీ రాసిచ్చింది, పోలీసులు అదే రాసుకున్నారు, పేపరు వాళ్ళు అదే అచ్చేశారు.

"దీక్షలో ఉన్నవాడు సీసా ముట్టుకున్నాడంటార్రా? మీ నోళ్ళు పడిపోను!" అని వీరరాఘవమ్మ ఆటోనగర్ మెయిన్ రోడ్డు మీద నిలబడి గొంతు పోయేదాకా అరిచింది. మాణిక్యం కంపెనీ గేటు ముందు మూడు రోజులు కూర్చుంది. గేటు తెరుచుకోలేదు. కుళాయి దగ్గర ఆడవాళ్ళు, "కొండల్లో చలికి ఓ గుక్క వేసుంటాడేమోలే," అనుకోవడం ఆమె చెవిన పడింది. ఆ ఏడాది ఇంద్రకీలాద్రికి నడిచి వెళ్ళే భవానీల గుంపు ఎప్పటిలా వాళ్ళ వాకిట్లో ఆగి కొబ్బరికాయ కొట్టలేదు. మాణిక్యం మొగుడు పోయినందుకు ఏడ్చింది గానీ, ఆ రోజు ఏడవలేదు. తలుపు మూసి లోపలికి పోయి కూర్చుంది.

నాలుగు నెలలకి కాలిన బండి తుక్కు కింద ఆటోనగర్‌కే వచ్చింది. తుక్కు కొట్టు మస్తాన్ డబ్బాని గుర్తుపట్టి తోపుడుబండి మీద తెచ్చి ఇచ్చాడు. "వదినా, ఇది నీ దగ్గరుండాల," అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మాణిక్యం ఉలితో విప్పింది. మాడిన రాగి చుట్లు ఒక్కొక్కటే ఊడదీసింది. కింద ఇనుము నున్నగా ఉంది. ఏ దిమ్మెకీ కడియం లేదు.

ఆమెకి చదువు ఎనిమిదో తరగతే, అనుమానం మాత్రం గట్టిది. షెడ్డులో రెండు డబ్బాలు తయారు చేసింది, ఒకటి కడియాలతో, ఒకటి లేకుండా. లోపలి డ్రమ్ముకి తాడు కట్టి, తాడుకి పాత ఇంజను దిమ్మ వేలాడదీసి, మెల్లగా కిందికి దింపింది. కడియాలున్న డబ్బా బుద్ధిగా దించింది. లేనిది మొదట బాగానే దించింది, తర్వాత లోపలి డ్రమ్ము ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెట్టింది, ఊగి ఊగి ఒక్కసారి పట్టు వదిలేసింది. ఇంజను దిమ్మ దబ్బుమని నేలమీద పడి గచ్చు పగిలింది. డ్రమ్ము ఊగబోయిన ప్రతిసారీ కడియంలో దానంతటదే కరెంటు పుట్టి ఆ ఊపుని పట్టి ఆపుతోందని మాణిక్యానికి అప్పుడు అర్థమైంది.

అర్థమైన మరుక్షణం అత్తగారి వైపు తిరిగింది. "ఆయన చెప్పలేదత్తయ్యా. నేనూ చెప్పలేదు. ఒక్క ముక్క చెప్పుంటే..." అంటూ నేల మీద కూలబడింది.

వీరరాఘవమ్మ కుర్చీలోంచి లేవలేదు. "చెప్పంది మనం. ఒణుకుతోందని చెప్పినా పంపింది వాడు. తాగాడని రాసింది వాడు. ఆ రెండూ కలపమాకు," అంది.

కలపలేదు. రెండేళ్ళ పాటు విడివిడిగానే మోసింది. పగలు పంపుసెట్ల మోటార్లు చుట్టింది, అందరి మోటార్లకీ కడియాలు తొడిగింది, ఎవరితోనూ ఆ ఊసెత్తలేదు. అక్కడ కంపెనీలో డబ్బాలు ఒకదాని తర్వాత ఒకటి వణుకుతూనే ఉన్నాయి. వణకని మొదటి డబ్బా ఒక్కటే. వార్నిషులో ముద్దకట్టి ఉన్న దాన్ని కోస్తే ఉన్న ఒక్కటీ పాడవుతుందని యశోధర్ ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆఖరికి తనే కారేసుకుని ఆటోనగర్ వచ్చాడు.

"మాణిక్యమ్మ గారూ, జరిగిందేదో జరిగింది. మీ చేత్తో ఒక డబ్బా చుట్టిపెట్టండి. మా వాళ్ళు చూసి నేర్చుకుంటారు," అన్నాడు నిలబడే. కూర్చోమని ఎవరూ అనలేదు.

మాణిక్యం తీగ కిందపెట్టింది. "మా ఆయన తాగలేదని ఒక్క కాగితం రాసివ్వండి. మీరడిగినన్ని చుడతా. మీ వాళ్ళకి తెలియంది కూడా నేర్పుతా."

ఆ క్షణంలో ఆమె నిజంగానే అంది. అతను సరే అనుంటే కడియం సంగతి అక్కడికక్కడే చెప్పేసేది. యశోధర్ గడియారం చూసుకున్నాడు. "కేసు మూసేశారు కదమ్మా. పాత గోతులు ఇప్పుడు తవ్వుకోవడం ఎవరికి మంచిది? కావాలంటే ఆయన ఫోటో మా ఆఫీసులో పెట్టిస్తాను."

ఫోటో పెడతాడట! మాణిక్యం తలూపింది. "సరే వస్తా. ఒకటే మాట. ఈ డబ్బా పెట్టి కొండ దిగేరోజు మీరే నడపాల. మీ పక్క సీట్లో నేను కూర్చుంటా."

యశోధర్ మొహం వెలిగిపోయింది. పోయిన మెకానిక్ భార్యే పక్కన కూర్చుంటే అంతకంటే ప్రచారం ఏముంటుంది! చెయ్యి కూడా కలపబోయాడు. ఆమె తీగ అందుకుంది.

అతను వెళ్ళాక వీరరాఘవమ్మ అడిగింది. "కడియాలేస్తావా?"

మాణిక్యం కళ్ళజోడు తీసి చెంగుతో తుడుచుకుంది.

"తిరిగొస్తావా?"

"బియ్యం, పప్పు, నూనె రెండు నెలలకి పోయించానత్తయ్యా. మందులు పై అరలో ఉన్నాయి. మోకాళ్ళ నూనె మస్తాన్ తెచ్చిస్తాడు."

ముసలావిడ వద్దనలేదు. కోడలి తల దగ్గరికి లాక్కుని, చిన్నపిల్లకి దువ్వినట్టు గట్టిగా నూనె రాసి జడ వేసింది.

డబ్బా చుట్టడం అయిపోయింది. బల్ల మీద తిప్పి చూశారు. మాణిక్యం ప్రాణం పెట్టి బిగించి చుట్టింది కాబట్టి వణుకు కనీకనిపించకుండా ఉంది. బల్ల మీద వెనకనించి తోసే బరువు లేదు మరి. యశోధర్ కూడా వంగి చూసి, "శభాష్! చేతిపనిలోనే ఉంది మహిమ," అన్నాడు.

పదిహేనో రోజు పొద్దున మారేడుమిల్లి కొండ మీద షామియానా వేశారు. కెమెరాలు, మైకులు, కొబ్బరి బొండాలు, కార్లు కొనే పెద్ద పెద్దవాళ్ళు. మధ్యలో బూడిద రంగు కారు తళతళలాడుతూ నిలబడి ఉంది. ముందు సీట్లో మాణిక్యం అప్పటికే కూర్చుంది. ఆమె అన్నీ లెక్కేసుకుంది. నాలుగో మలుపు దాకా నోరు తెరవకూడదు. అక్కడికి డబ్బా వేడెక్కుతుంది, ఊగుతుంది. అప్పుడు చెప్పాలి. చెప్పకుండా చంపితే వాడికేం తెలుస్తుంది ఎందుకు చస్తున్నాడో!

షామియానా కింద యశోధర్ మైకు పట్టుకున్నాడు. "రెండేళ్ళ కిందట ఈ కొండ మీదే ఒక దురదృష్టం జరిగింది. మా మెకానిక్ ఒకాయన తాగి బండి నడిపి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. తప్పు యంత్రానిది కాదు, మనిషిది. ఇవాళ ఆ మనిషి భార్యే నా పక్కన కూర్చుని కొండ దిగుతున్నారు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?"

చప్పట్లు మోగాయి. అతను వచ్చి కూర్చుని తలుపు వేసుకున్నాడు. అద్దంలోంచి అందరికీ చెయ్యి ఊపుతూనే, "ఏంటమ్మా అలా బిగుసుకుపోయారు? కాస్త నవ్వండి, చూస్తున్నారు," అన్నాడు.

అంతే. నాలుగో మలుపు దాకా ఆగలేకపోయింది.

"ఈ డబ్బా జారుద్ది," అంది.

"ఏంటి?"

"మా ఆయన్ని పంపిన డబ్బా ఎట్టా జారిందో అట్టాగే. నాలుగో మలుపు దాకా పట్టుకుంటది, ఆ పైన పట్టుకోదు."

యశోధర్ నవ్వాడు. "మీరే కదా చుట్టింది!"

"నేనే చుట్టా. కడియాలు లేకుండా చుట్టా. మా షాపులో తీగ చుట్టేముందు ప్రతి దిమ్మెకీ రాగి కడియం తొడుగుతాం, కొసలు కలిపి టంకం పెట్టి. మీ మొదటి డబ్బాలో ఉన్నాయి. మీరు కాల్చేసిన దాంట్లో లేవు. దీంట్లోనూ లేవు."

యశోధర్ పెదాలు కదిలాయి. "కొసలు కలిపేసిన రింగు..." అని గొణిగాడు. రెండేళ్ళుగా అంతమంది ఇంజనీర్లకి చిక్కని ముడి అతనికి ఒక్క క్షణంలో విడిపోయింది. ముందు అతని కళ్ళలో సంతోషం మెరిసింది. తర్వాతే భయం వచ్చింది. ఆ వరస చూసి మాణిక్యానికి ఒళ్ళు మండిపోయింది.

"పోనివ్వండి. కూర్చున్నాం కదా," అంది.

యశోధర్ తలుపు తీసుకుని దిగాడు. మొహం మీద మళ్ళీ నవ్వు అతికించుకుని, ఫోను ఎత్తి కెమెరాల వైపు చూపించాడు. "క్షమించాలి, ఢిల్లీ నుంచి అర్జెంటు ఫోను. బండి మా పైడిరాజు దించుతాడు. నేను కింద కలుస్తాను." జనంలోంచి డ్రైవరు పైడిరాజు చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. ముప్ఫై ఏళ్ళుంటాయి. కెమెరాలు తన వైపు తిరిగేసరికి మనిషి మురిసిపోతున్నాడు.

"టీవీలో వత్తాదేటండీ ఇది? మా పాపకి సెప్పలేదండీ, తెలిస్తే సూసును," అంటూ సీట్లో కూర్చుని తాళం వైపు చెయ్యి చాపాడు.

మాణిక్యానికి ఒక్క క్షణం చెడ్డ ఆలోచన వచ్చింది. దాచేదేముంది! ఈ బండి ఇప్పుడు పడితే కంపెనీ మట్టిగొట్టుకుపోతుంది. రెండోసారి కూడా డ్రైవరు తాగాడంటే ఎవడూ నమ్మడు. యశోధర్ జన్మలో తలెత్తుకోలేడు. తను చావడానికి సిద్ధపడే వచ్చింది. పక్కనున్నవాడు ఎవడైతేనేం?

పక్కనున్నవాడు సీటు బెల్టు పెట్టుకోవడం రాక తంటాలు పడుతున్నాడు. "కొంచెం పట్టండమ్మా," అన్నాడు. తన మొగుణ్ణి కూడా ఇలాగే ఎక్కించి ఉంటారు. ఆ బెల్టు ఎవరు పట్టారో ఏమో! మాణిక్యం అతని చేతికింద నుంచి తాళం లాగేసి, తలుపు తన్ని, బండి ముందుకొచ్చి నిలబడింది.

"ఈ బండి దిగితే ఈ మనిషి చస్తాడు!" అని అరిచింది. కొండల్లో గొంతు ఖంగుమంది. "నేనే జారేటట్టు చుట్టా! ఆ యశోధర్ని చంపాలని చుట్టా! ఇప్పుడే వాడికి చెప్పా. చెప్పగానే తను దిగి వీణ్ణి ఎక్కించాడు!"

జనంలో ఒక్కసారి గగ్గోలు పుట్టింది. యశోధర్ రెండు చేతులూ ఎత్తి, "పాపం, భర్త పోయినప్పట్నుంచీ ఆవిడకి మతి స్థిమితం లేదు," అన్నాడు.

మాణిక్యం తాళం చేతిలో పట్టుకుని అతని మీదికి నడిచింది. "మతి లేకపోతే నా మాట అబద్ధమే కదా. రా మరి. ఇదిగో తాళం. ఎక్కి దించు. నేనూ ఎక్కుతా. రారా!"

తాళం అతని గుండెకి అరచెయ్యంత దూరంలో ఉంది. యశోధర్ చెయ్యి పైకి లేవలేదు. కెమెరాలన్నీ ఆ చేతినే చూస్తున్నాయి. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ ఒక్క అడుగు చాలు, అందరికీ అర్థమైంది.

ముందుగా అర్థమైంది పైడిరాజుకి. బండిలోంచి దిగి వచ్చాడు. "నిజమేనేటండి సారూ? తెలిసే నన్నెక్కించేరా?" యశోధర్ చూపు తిప్పుకున్నాడు. "అయితే ఆరోజూ ఇంతేనన్నమాట! ఆచారి గారు డబ్బా బాగోలేదు, ఇయ్యాల వొద్దండీ అని ఎంత మొత్తుకున్నారండీ. ఈయనే తోసీసి పంపినారు. బండి పడిపోయేక సీసా నా సేతికిచ్చి, రాళ్ళల్లో పెట్టొచ్చీమన్నారు. నానే ఎట్టేను. పిల్లలున్నోణ్ణి, ఉద్యోగం పోద్దని నోరు మూసుకున్నానండీ..."

మాణిక్యం వెనక్కి తిరిగింది. తను ఇప్పుడే చావు నుంచి లాగింది వీణ్ణా! పైడిరాజు చెంప ఛెళ్ళుమంది. ఆ వెంటనే రెండోదీ పడింది. అతను తల వంచుకుని నిలబడ్డాడు, చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. మూడో దెబ్బకి ఎత్తిన చెయ్యి మాణిక్యానికే బరువైపోయింది. రోడ్డు మధ్యలో కూర్చుని, రెండేళ్ళుగా రాని ఏడుపు ఏడ్చింది.

మర్నాడు పొద్దున పోలీస్ స్టేషన్లో ముగ్గుర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. గోడవారన బెంచీ మీద యశోధర్, పక్కన అతని వకీలు. ఎదుటి బెంచీ మీద మాణిక్యం, పక్కన ఆడ కానిస్టేబులు. మూల స్టూలు మీద పైడిరాజు. తెలిసి మనిషిని చంపబోయినందుకు మాణిక్యం మీద కేసు రాశారు. ఆమె దేన్నీ కాదనలేదు. చంపాలనే చుట్టానని, మళ్ళీ అడిగినా అదే చెబుతానని చెప్పి వేలిముద్ర కాదు, సంతకమే పెట్టింది.

"నీ కోపానికి నువ్వే జైలుకెళ్తున్నావు," అన్నాడు యశోధర్ మెల్లగా. "ఏం మిగిలింది నీకు?"

మాణిక్యం జవాబు చెప్పేలోపు గుమ్మంలో అలికిడైంది. విజయవాడ నుంచి రెండు బస్సులు మారి, మస్తాన్ చెయ్యి పట్టుకుని వీరరాఘవమ్మ వచ్చింది. చేతిలో స్టీలు క్యారియరు. వస్తూనే యశోధర్ని పైనించి కిందికి చూసింది.

"బతికే ఉన్నాడే?" అంది కోడలితో.

"ఉన్నాడత్తయ్యా."

"సరేలే." ముసలావిడ కోడలి పక్కన కూర్చుని మోకాళ్ళు సవరించుకుంది. "నీకెన్నేళ్ళేస్తారంట?"

"ఏడో ఎనిమిదో అంటున్నారు."

వీరరాఘవమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత చెంగు తీసేసి, ఎస్సై వైపు తిరిగింది. "బాబూ, ఆ డ్రైవరేదో చెప్పాడంట కదా. రాసుకున్నారా?"

"రాసుకున్నాం పెద్దమ్మా. పాత కేసు కూడా మళ్ళీ తెరుస్తున్నాం."

"ఏం రాశారో చదవండి."

ఎస్సై కాగితం తీశాడు. పేర్లూ ఊళ్ళూ దాటి అసలు చోటికొచ్చాడు. "ప్రమాదం జరిగిన సమయంలో భద్రాచారి దీక్షలో ఉన్నాడు. మద్యం సేవించలేదు. బండి సరిగా లేదని అతను ముందే చెప్పినప్పటికీ యజమాని బలవంతంగా పంపించాడు. మద్యం సీసాను యజమాని ఆదేశం మీద తర్వాత అక్కడ ఉంచడం జరిగింది."

"వినపడలా," అంది వీరరాఘవమ్మ. ఆటోనగర్లో ఏ సందులో ఏ లారీ స్టార్టయిందో కుర్చీలోంచి చెప్పగల చెవులవి. "ముసలిదాన్ని. గట్టిగా చదవండి బాబూ, అందరికీ వినపడేటట్టు."

ఎస్సై గొంతు పెంచి మళ్ళీ చదివాడు. వరండాలో కూర్చున్న వాళ్ళు లోపలికి తొంగిచూశారు. 'మద్యం సేవించలేదు' అన్న చోట యశోధర్ తల కిందికి దిగింది. అతని మెడ నరం ఒకటి టపటపా కొట్టుకోవడం మాణిక్యానికి స్పష్టంగా కనపడింది. కొండ మీంచి పడుంటే ఇది చూసేది కాదు. ఒక్క క్షణంలో అయిపోయేది.

లేవబోయాడు యశోధర్. "కూర్చోండి," అన్నాడు ఎస్సై. కూర్చున్నాడు.

మాణిక్యం బెంచీ మీద సర్దుకుని, అతని మొహానికి ఎదురుగా తిరిగి కూర్చుంది. ఆమెకి తొందరేమీ లేదు.

"ఇంకోసారి చదవండి సార్," అంది.